రిచర్డ్ రసెల్ ఎందుకు భయపడ్డాడు?

ఉద్యమాల చరిత్రను మనం ఉద్యమకారుల మాటల్లోంచే ఎక్కువగా చదువుతాం. చదవాలి కూడా. కానీ ఒక చట్టానికి పదును ఎక్కడుందో తెలియాలంటే, దాన్ని ఆపడానికి రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్లు దేనికి భయపడ్డారో కూడా చూడాలి. ఈ వారం అలాంటి ఒక మనిషి గురించి రాస్తున్నాను.

పేరు రిచర్డ్ రసెల్. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1897లో పుట్టాడు. ఆ రాష్ట్ర గవర్నర్‌గా చేసి, 1933లో సెనేట్‌కు వెళ్లి, 1971లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. పార్టీ డెమోక్రటిక్ పార్టీయే. ఆ రోజుల్లో దక్షిణాది డెమోక్రాట్లంటే తెల్లవారి ఆధిపత్యానికి కంచుకోట అని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. గొంతు పెంచి తిట్టే రకం కాదు. మెత్తగా మాట్లాడేవాడు. సెనేట్ నియమాలన్నీ నోటికి వచ్చినవాడు.

బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే 1946 నాటి జాతీయ చట్టం వెనుక ఉన్నది ఆయనే. ఆ చట్టం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. బడుల్లో జాతి వివక్ష చెల్లదన్న 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఎదిరిస్తూ, 1956లో 101 మంది చట్టసభ్యులు సంతకాలు చేసిన 'దక్షిణాది మేనిఫెస్టో' రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. అంటే పిల్లల పళ్లెంలో అన్నం పడాలి, కానీ నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బంతిలో కూర్చోకూడదు. ఇలాంటి పెద్దమనుషులు మన ఊళ్లలో మనకు కొత్తేమీ కాదు.

ఈయనకు ఒక శిష్యుడున్నాడు. టెక్సాస్ నుంచి 1949లో సెనేట్‌కు వచ్చిన లిండన్ జాన్సన్. రసెల్‌కు పెళ్లి కాలేదు. ఆదివారాలు జాన్సన్ ఇంట్లో భోజనానికి వెళ్లేవాడు. జాన్సన్ పిల్లలు ఆయన్ని 'అంకుల్ డిక్' అని పిలిచేవాళ్లు. 1953లో జాన్సన్ సెనేట్‌లో డెమోక్రాట్ల నాయకుడయ్యాడంటే అది రసెల్ అండతోనే.

ఆ అండకు ప్రతిఫలం 1957లో ముట్టింది. ఆ ఏడాది వచ్చిన పౌరహక్కుల బిల్లులో మూడో భాగం కీలకం. హక్కులకు భంగం కలిగితే కేంద్ర ప్రభుత్వమే కోర్టుకు వెళ్లే అధికారం అందులో ఉంది. రసెల్ దానిమీద విరుచుకుపడ్డాడు. జాన్సన్ మధ్యవర్తిగా నిలబడి ఆ భాగాన్ని తీసేయించాడు. మిగిలిన ఓటుహక్కు భాగానికి జ్యూరీ విచారణ అనే మెలిక పెట్టారు. దక్షిణాదిలో జ్యూరీ అంటే దాదాపు ఎప్పుడూ తెల్లవాళ్లే. చట్టం వచ్చింది, కోరలు పోయాయి.

1963 నవంబర్ 22న కెనెడీ హత్య జరిగింది. జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. అయిదు రోజులకే, నవంబర్ 27న, కాంగ్రెస్ ముందు నిలబడి కెనెడీకి మనం చేయగల గొప్ప నివాళి పౌరహక్కుల బిల్లును త్వరగా ఆమోదించడమేనన్నాడు. ఇంకో రెండు రోజులకు రసెల్‌కు ఫోన్ చేసి, కెనెడీ హత్యపై విచారణ కమిషన్‌లో సభ్యుడిగా ఉండాలన్నాడు. కమిషన్‌కు అధ్యక్షుడు ఎర్ల్ వారెన్, అంటే 1954 తీర్పు రాసిన న్యాయమూర్తి. ఆయన పక్కన కూర్చోనని రసెల్ మొత్తుకున్నాడు. అప్పటికే ప్రకటన బయటికి వెళ్లిపోయిందని జాన్సన్ చెప్పాడు. ఆ సంభాషణ టేపు ఇప్పటికీ వినొచ్చు. గురువుకు శిష్యుడు మారిన సంగతి ఆ వారంలోనే తెలిసింది.

కొత్త అధ్యక్షుడి తొలి అడుగుల గురించి రసెల్ అంచనా చాలా స్పష్టంగా ఉంది. కెనెడీ అయితే బిల్లును ఓడించేవాళ్లం, లేదా సగం కోసేసేవాళ్లం, జాన్సన్‌తో అది కుదరదు అని తనవాళ్లకు చెప్పాడు. కారణాలు రెండు. ఒకటి, సెనేట్‌లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో జాన్సన్‌కు తెలుసు. అవి నేర్పిన వాళ్లలో రసెల్ కూడా ఒకడు. రెండు, జాన్సన్ దక్షిణాది మనిషి కాబట్టి, ఒక్క సెక్షన్ వదులుకున్నా ఉత్తరాది అతన్ని నమ్మదు. అందుకే ఈసారి రాజీ ఉండదు.

మరి రసెల్‌ను అంతగా భయపెట్టినదేమిటి? ఈ బిల్లు పోలింగ్ బూత్ దగ్గర ఆగలేదు. హోటల్లోకి, సినిమాహాల్లోకి, టిఫిన్ కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఎవరికి వడ్డించాలో యజమాని ఇష్టం, అది ఆస్తిహక్కు అని రసెల్ వర్గం వాదించింది. ఈ వాదన వింటుంటే నాకు మన టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గుర్తొస్తుంది. మన రాజ్యాంగంలో 15, 17 అధికరణాలు ఉన్నా, 1955లోనే అంటరానితనం నేరాల చట్టం వచ్చినా, ఆ రెండో గ్లాసు దశాబ్దాల పాటు చూరుకు వేలాడుతూనే ఉంది. ఓటును సహించినవాడు కూడా పక్క కుర్చీని సహించడు. రసెల్ భయం ఆ కుర్చీ గురించే.

1964లో ఆయన ఇంకో ప్రతిపాదన కూడా తెచ్చాడు. నల్లజాతి ప్రజలు అన్ని రాష్ట్రాల్లో సమాన నిష్పత్తిలో ఉండేలా, ప్రభుత్వ ఖర్చుతో స్వచ్ఛందంగా తరలిపోయే ఏర్పాటు చేయాలన్నాడు. 1949లోనూ ఇదే చెప్పాడు. సమానత్వం అడిగినవాడికి ఊరు మారమని సలహా!

1964 ఫిబ్రవరి 10న ప్రతినిధుల సభ 290-130 ఓట్లతో బిల్లును ఆమోదించింది. సెనేట్‌లో రసెల్ తన మనుషుల్ని మూడు దళాలుగా విడదీసి వంతులవారీగా మాట్లాడించాడు. దీన్నే ఫిలిబస్టర్ అంటారు. చర్చ ముగియకుండా చూస్తే ఓటింగే జరగదు. అరవై పనిదినాలు లాగారు. చర్చ ముగించడానికి 67 ఓట్లు కావాలి. జాన్సన్ వర్గం రిపబ్లికన్ నాయకుడు డర్క్‌సెన్‌ను కలుపుకుంది. జూన్ 10న 71-29తో చర్చ ముగిసింది. మెదడులో కణితితో మాట పడిపోయిన కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ను సభకు తీసుకొచ్చారు. ఆయన తన కంటిని వేలితో చూపించి అవును అని ఓటేశాడు. ఇంగ్లీషులో కన్ను, అవును అనే మాటలు ఒకేలా పలుకుతాయి కదా. జూలై 2న జాన్సన్ సంతకం చేశాడు.

రసెల్ అంచనా నిజమైంది. అయితే ఆయన లెక్కలో ఒకటి తక్కువ. 1957లో చట్టం కోరలు పీకిన మనిషే 1964లో కామా కూడా వదలనన్నాడంటే మధ్యలో ఏం జరిగింది? 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు తెల్లవాళ్ల టిఫిన్ కౌంటర్‌లో కూర్చుని లేవలేదు. 1963 మే నెలలో బర్మింగ్‌హామ్‌లో బడిపిల్లలు వందల్లో జైళ్లు నింపారు. సెప్టెంబర్‌లో అదే ఊళ్లో చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఉత్తరాది జాన్సన్‌ను ఎందుకు పరీక్షిస్తుందో రసెల్‌కు తెలుసు గానీ, ఉత్తరాదికి ఆ పరీక్ష పెట్టక తప్పని స్థితి తెచ్చింది ఈ పిల్లలు. మనకు 1985 జూలై 17 నాటి కారంచేడు, ఆ తర్వాత చీరాల శిబిరం లేకుండా 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఊహించగలమా?

ఓడిపోయాక రసెల్ ఒక పని చేశాడు. ఈ చట్టం తనకు నచ్చకపోయినా అది చట్టమే, పాటించండి అని జార్జియా ప్రజలకు చెప్పాడు. మనసులు మారేదాకా ఆగమని మనకు చెప్పేవాళ్లకు ఇది జవాబు. రసెల్ మనసు మారలేదు. అయినా టిఫిన్ కౌంటర్ల తలుపులు తెరుచుకున్నాయి.

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లే మన పిల్లలకు ఒక మాట. మీకు అక్కడ ఉద్యోగంలో రక్షణ ఇచ్చేది ఈ 1964 చట్టమే. అందులో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం అనే మాటలున్నాయి. కులం అనే మాట లేదు. అందుకే 2023లో సియాటిల్ నగరం ఆ మాటను తన చట్టంలో చేర్చుకోవాల్సి వచ్చింది.

ఇకమీదట ఏ బిల్లు వచ్చినా మనవాళ్ల హర్షంతో పాటు అవతలివాళ్ల ప్రసంగాలు కూడా తీసి చదవండి. వాళ్లు ఏ సెక్షన్ తీసేయమంటున్నారో గీత గీసి పెట్టుకోండి. మనం పట్టు విడవకూడని చోటు అదే.

జై భీమ్.