హాబ్సన్ గారి గుర్రాలు

మొన్న మా అమ్మాయి ఇంగ్లీషు పాఠంలో ‘హాబ్సన్స్ ఛాయిస్’ అన్న మాట దగ్గర ఆగి అర్థం అడిగింది. “ముందు నుయ్యి, వెనక గొయ్యి లాంటిదే” అని కూర తరుగుతూ చెప్పేశాను. తర్వాత అనుమానం వచ్చి చూసుకుంటే, తప్పు చెప్పాను. నుయ్యీ గొయ్యీ అంటే కనీసం రెండున్నాయి. హాబ్సన్ దగ్గర ఉన్నది ఒక్కటే. తీసుకుంటే అది తీసుకో, లేదంటే ఊరుకో.

ఈ థామస్ హాబ్సన్ నిజంగా బతికిన మనిషే. 400 ఏళ్ళ కిందట ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి లండనుకి ఉత్తరాలూ సామాన్లూ చేరవేసేవాడు. గుర్రాలు ఊరికే నిలబడి తినడం ఎందుకని, పనిలేనప్పుడు వాటిని విశ్వవిద్యాలయం కుర్రాళ్ళకి అద్దెకిచ్చేవాడు. శాలలో 40 దాకా ఉండేవట. కుర్రాళ్ళ సంగతి చెప్పాలా! అందరికీ బాగా పరిగెత్తేదే కావాలి. పాపం ఆ మంచి గుర్రాలకి విశ్రాంతి లేదు. అందుకని ఆయన ఒక వరస పెట్టాడు. తిరిగొచ్చిన గుర్రం చివరికి పోవాలి, తలుపు దగ్గర ఏది ఉంటే అదే అద్దెకి. ఎవరొచ్చినా అంతే.

హాబ్సన్ 1631లో పోయాడు. ప్లేగు వల్ల లండను ప్రయాణాలు ఆగిపోయి, ఊరికే కూర్చోలేకే పోయాడని, అప్పుడు అక్కడే చదువుకుంటున్న మిల్టన్ సరదాగా పద్యాలు రాశాడు. గుర్రాల కథ 1712లో స్పెక్టేటర్ పత్రికలో వచ్చింది. ఆ ఊరి మంచినీళ్ళ కాలువకి ఇప్పటికీ ఆయన పేరే.

నాకైతే ఈ కథలో ఆయన మీద కోపం రాలేదు. ఛాయిస్ లేదని తలుపు దగ్గరే చెప్పేవాడు. పైగా అది గుర్రాల మేలు కోసం.

నాన్నగారు పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మి అమ్మని మా దగ్గరికి తెచ్చుకున్నాం. అమ్మేముందు “నీ ఇష్టమేనా అమ్మా?” అని అన్నయ్యా నేనూ ఎన్నిసార్లు అడిగామో. అప్పటికే అడ్వాన్సు తీసేసుకున్నాం! “మీ ఇష్టమే నా ఇష్టం” అంది. హమ్మయ్య, ఒప్పుకుంది అనుకున్నాం. ఎవరి మేలు కోసమంటే ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

రాత్రి అమ్మాయిని కూర్చోబెట్టి అర్థం సరిగ్గా చెప్పాను. “మన ఇంట్లో ఉదాహరణ చెప్పమ్మా” అంది. అమ్మమ్మ పక్కగదిలో మెలకువగానే ఉంది. ఉప్మా సంగతి చెప్పి ఊరుకున్నాను.