పాత ఇంజను, కొత్త కారు, మా మావయ్య అంబాసిడరు

పోయిన నెల మా ఆఫీసులో ఒకతను "శనివారం కారుకి ఇంజను ఎక్కించాలి, కాస్త సాయానికి వస్తావా" అన్నాడు. మనకి ఆ పని రాకపోయినా చూడ్డం సరదా కదా అని వెళ్ళాను. వాళ్ళ షెడ్డులో 1997 నాటి మిత్సుబిషి ఎక్లిప్స్, టర్బో స్పోర్ట్స్ కారు. ఇంజను లేకుండా చవగ్గా కొన్నాడట. పక్కన స్టాండు మీద దానికి బిగించబోయే ఇంజను. అది మాత్రం 1991 కారులోంచి తీసింది! ఎవరైనా పాత బండికి కొత్త ఇంజను వేస్తారు గానీ ఇదేం పని అనడిగా. నవ్వి పెద్ద కథే చెప్పాడు.

క్లుప్తంగా ఆ కథ ఇదీ. 1985లో క్రైస్లర్, మిత్సుబిషి కలిసి డైమండ్ స్టార్ మోటార్స్ అనే కంపెనీ పెట్టి, ఇల్లినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ కట్టాయి (ఊరి పేరే అదండీ, జోకు కాదు). అక్కడ తయారైన టర్బో కార్లలో 4జి63 అనే రెండు లీటర్ల ఇంజను ఉండేది. 1992 మధ్య దాకా వచ్చినవాటిలో ఫ్లైవీలుని క్రాంక్ షాఫ్ట్‌కి ఆరు బోల్టులతో బిగించేవాళ్ళు. తర్వాత ఏడు చేశారు.

బోల్టు పెరిగింది కాబట్టి ఇంజను గట్టిపడిందనుకుంటాం. కానీ ఆ మార్పుతోనే కనెక్టింగ్ రాడ్లు సన్నబడ్డాయి, హెడ్డు బోల్టులు 12 మిల్లీమీటర్ల నుంచి 11కి తగ్గాయి. 1995లో వచ్చిన రెండో తరం కార్లలో కొన్నిటికి 'క్రాంక్ వాక్' అనే జబ్బు కూడా పట్టుకుంది. క్రాంక్ షాఫ్ట్ తిరగాలి గానీ ముందుకీ వెనక్కీ జరగకూడదు. జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగు అరిగిపోతే షాఫ్ట్ 'నడక' మొదలెడుతుంది. చివరికి బ్లాకే పోతుంది. దాంతో ఆరు బోల్టుల పాత బ్లాకు వెతికి తెచ్చుకుని వేసుకోవడం ఆ కార్ల వాళ్ళకి అలవాటైంది. నిజానికి తప్పు ఏడో బోల్టుది కాదు. ఏడు బోల్టుల 4జి63తోనే లాన్సర్ ఎవల్యూషన్ కార్లు 2007 దాకా వచ్చి మంచి పేరు తెచ్చుకున్నాయి. బోల్టుల లెక్క ఫలానా కాలం ఇంజను అని తెలిపే ఆనవాలు, అంతే.

రెండూ ఒకే కుటుంబం కాబట్టి పాత బ్లాకు సుళువుగానే కూర్చుంటుంది. అసలు చిక్కంతా కారులో ఉన్న కంప్యూటరుతో. క్రాంకు ఎక్కడుందో ఒక సెన్సారు, క్యామ్ ఎక్కడుందో వేరే సెన్సారు చెప్పాలని దాని లెక్క. పాత ఇంజనులో ఆ రెండు కబుర్లూ హెడ్డు పక్కనున్న ఒకే పరికరం చెప్తుంది. ఈ లెక్క కుదిర్చేదాకా ఎంత గట్టి ఇంజనైనా ఇనప ముద్దే. "ఇంజను ఎక్కించడం సగం పనే, మిగతా బండి దాన్ని ఒప్పుకోవాలి" అన్నాడు.

ఆ మాటకి నాకు మా మావయ్య గుర్తొచ్చాడు.

మాది అమలాపురం. 1980లలో మావయ్య ఒక పెట్రోలు అంబాసిడరు టాక్సీగా తిప్పేవాడు. అప్పట్లో కోనసీమలో కారు అంటే షోకు కాదు, అవసరం. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న రైలు పట్టాలు 1940లో యుద్ధం కోసం పీకేశారు. మళ్ళీ రైలొచ్చింది 2004లో, అదీ గోదావరి అవతలి గట్టు దాకానే. యానాం-ఎదుర్లంక వంతెన 2002లో గానీ రాలేదు. కాన్పు కష్టమైతే కారులో కాకినాడ చేర్చాలంటే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాల్సిందే. అర్ధరాత్రి తలుపు తట్టి "కాస్త బండి తీయాలండి" అంటే మావయ్య "ఆయ్, పదండి" అనేవాడు. డబ్బులు తర్వాత. పెట్రోలు బంకువాడు మాత్రం తర్వాత అనడు కదా!

1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర పైకి పోయింది. లారీలూ బస్సులూ నడవాలి కాబట్టి డీజిలు ధర ప్రభుత్వం తక్కువలో ఉంచింది. అంబాసిడరులో ఉండేది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ నమూనా 1489 సీసీ పెట్రోలు ఇంజను. 1980లో హిందుస్థాన్ మోటార్స్ డీజిలు అంబాసిడరు తెచ్చింది గానీ దాని బలం 37 హార్స్ పవరే. అందుకే దేశమంతా టాక్సీవాళ్ళు మరో దారి పట్టారు. పూనేలో బజాజ్ టెంపో తయారుచేసే మేటడార్ వ్యాను డీజిలు ఇంజను తెచ్చి అంబాసిడరులో పెట్టించడం.

మావయ్య 1987లో అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి ఆ పని చేయించాడు. స్కూలు మానేసి మరీ షెడ్డు దగ్గర కూర్చుని చూశాను. కొత్త మౌంటింగులు వెల్డింగ్ చేశారు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఒక ప్లేటు లేత్ మీద తీయించారు. హీటర్ ప్లగ్గులకి వైరింగు, ఆపడానికి లాగే నాబు, ముందు బరువు పెరిగింది కాబట్టి కమాన్లు గట్టివి. మూడో రోజు స్టార్టయింది. ఇల్లంతా అదిరే చప్పుడు! ఏడాదిన్నరలో గాజులు ఇంటికొచ్చాయి.

1990లో రావులపాలెం దగ్గర ఒక లారీ వెనకనుంచి గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ డిక్కీ దాకా నుజ్జయింది. ఇన్సూరెన్సు కంపెనీ (పేరెందుకులెండి) తరఫు మనిషి వచ్చి, బానెట్ ఎత్తి ఇంజను నంబరు రాసుకున్నాడు. ఆర్సీ పుస్తకంలో ఉన్నది పెట్రోలు ఇంజను నంబరు. క్లెయిము కొట్టేశారు. గాజులు మళ్ళీ వెళ్ళాయి, ఈసారి తిరిగి రాలేదు.

చాలాకాలం నేను అది అన్యాయమనే అనుకున్నా. లారీ వెనక గుద్దితే ముందున్న ఇంజను నంబరుతో పనేంటి? ఇప్పటికీ అందులో న్యాయం లేదనే అంటాను. కానీ ఇంజను మారిస్తే ఆర్సీలో రాయించుకోవాలన్నది కొత్త రూలేం కాదు. మేస్త్రీకి తెలుసు, మావయ్యకీ తెలుసు. ఇనుముతో పని అయిపోయింది కదా, కాగితం ఎవడు చూస్తాడు అనుకున్నారు. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఈ మార్పుల గురించే. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ సెక్షన్ మీదే తీర్పు చెప్పింది.

అంబాసిడరు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. మేటడార్ ఇంజను కథకి ఉన్న రెండు కాళ్ళూ ఒకే ఏడాది పోయాయన్నమాట.

పాతదా కొత్తదా అన్నది కాదు ప్రశ్న అని నాకిప్పుడు అనిపిస్తుంది. మావయ్య ఎంపిక తప్పు కాదు, మా ఆఫీసు కుర్రాడిదీ కాదు. బండి నడిపేవాడికి తన అవసరం కంపెనీ కన్నా బాగా తెలుస్తుంది. కాకపోతే ఆ ఇంజనుకి అతుకు పడాల్సిన చోట్లన్నీ బానెట్ కింద ఉండవు.

మొన్న అతను ఫోన్ చేసి "స్టార్టయింది" అని అరిచాడు. వచ్చే ఏడాది కాలిఫోర్నియాకి మారే ఆలోచనలో ఉన్నాడు. అక్కడ కారు కన్నా పాత సంవత్సరం ఇంజను వేస్తే పొగ పరీక్షలో ఒప్పుకోరు.

"చాలా సంతోషం, మరి కాగితాల సంగతేంటి?" అన్నాను.