చప్పుడు లేని కంప్యూటర్ ఫ్యాన్: మన ఎండకు, దుమ్ముకు ఏది సరిపోతుంది?

మే నెల వస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. డెస్క్‌టాప్ కంప్యూటర్ హోరెత్తేది కూడా అప్పుడే. ఉన్నది ఒకే గది అయితే పిల్లవాడు రాత్రి ఆన్‌లైన్ క్లాసు వినాలి, పక్కనే నానీమా నిద్రపోవాలి. ఆ గోల పడలేక కొందరు కంప్యూటర్ కట్టేయిస్తారు, కొందరు వెంటనే ఖరీదైన ఫ్యాన్ కొంటారు. చాలా ఇళ్లలో ఈ రెండూ అక్కర్లేదు.

ముందు చప్పుడు ఎలాంటిదో వినండి. గాలి హోరులా ఉంటే ఫ్యాన్ వేగంగా తిరుగుతోందని అర్థం. గరగర, కటకట అంటుంటే బేరింగ్ అరిగి ఉంటుంది, లేదా ఏదో వైరు రెక్కలకు తగులుతూ ఉంటుంది. బేరింగ్ పోయిన ఫ్యాన్‌ను మార్చాల్సిందే. నూనె చుక్క వేస్తే నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలుపెడుతుంది.

హోరు అయితే మొదట అనుమానించాల్సింది దుమ్మునే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ప్రొద్దుటూరులో మగ్గాలున్న ఇళ్లలో నూలు పీచు కూడా తోడవుతుంది. ఇదంతా ప్రాసెసర్ మీదున్న హీట్‌సింక్ రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. దారి మూసుకుపోయాక ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా అరుస్తుంది. ప్లగ్ తీసి, రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్ కొట్టండి. పట్టుకోకపోతే ఫ్యాన్ అదుపు లేకుండా తిరిగి బేరింగ్ దెబ్బతినవచ్చు. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

శుభ్రం చేసినా హోరు తగ్గకపోతే అప్పుడు కొత్త ఫ్యాన్ సంగతి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా సగమవుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అలాంటివి రెండు పక్కపక్కన పెడితే చప్పుడు పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఒక్క ఫ్యాన్ వేగంగా తిరిగే బదులు రెండు నెమ్మదిగా తిరిగితే గాలి ఇంచుమించు అంతే వస్తుంది, గోల బాగా తగ్గుతుంది. 80 మి.మీ. ఫ్యాన్ కంటే 120 మి.మీ., దానికంటే 140 మి.మీ. నయం అనేది కూడా ఇందుకే. క్యాబినెట్‌లో ఏది పడుతుందో తెలియకపోతే స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి: 105 మి.మీ. ఉంటే 120 సైజు, 124.5 ఉంటే 140 సైజు.

డబ్బా మీద సీఎఫ్ఎం అని ఉండేది ఎంత గాలి తోస్తుందో చెబుతుంది. స్టాటిక్ ప్రెషర్ అనేది అడ్డం ఉన్నా గాలిని నెట్టగల బలం. దుమ్ము జాలీ వెనకగానీ, హీట్‌సింక్ మీదగానీ పెట్టే ఫ్యాన్‌కు ఈ రెండోదే ముఖ్యం. జాలీ లేకుండా మన ఊళ్లలో పని జరగదు కాబట్టి దీన్ని తప్పక చూడాలి. ఆస్ట్రియా కంపెనీ నాక్టువా వారి ఎన్ఎఫ్-ఏ12×25 మోడల్ 2000 ఆర్పీఎం దగ్గర 60 సీఎఫ్ఎం గాలి, 2.34 మి.మీ. ప్రెషర్, 22.6 డెసిబెల్స్ చప్పుడు అని ప్రకటించింది. ధర మాత్రం ఎక్కువ. ఆర్కటిక్ పీ12 దాదాపు అదే పనిని చాలా తక్కువలో చేస్తుంది, మామూలు ఇంటికి అది చాలు. డెసిబెల్ అంకెను ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ పోల్చకండి, కొలిచే పద్ధతులు వేరు. రంగు లైట్లకు పెట్టే డబ్బు బేరింగ్‌కు పెడితే మేలు. ఫ్లూయిడ్ డైనమిక్ రకం ఎక్కువ కాలం చప్పుడు లేకుండా ఉంటుంది.

నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్ అడిగి తీసుకోండి. బయోస్‌లో స్మార్ట్ ఫ్యాన్, క్యూ-ఫ్యాన్ లాంటి పేర్లతో ఉండే చోట వేగాన్ని వేడికి తగ్గట్టు అమర్చుకోవచ్చు. చలికాలంలో పెట్టిన అమరిక ఎండాకాలానికి పనికిరాదు. ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను గది వేడి కంటే చల్లబరచలేదు. గదే 40 డిగ్రీలుంటే ఖాళీగా ఉన్న ప్రాసెసర్ కూడా 50 దాటవచ్చు, వేగం పెరగాల్సిన గీత అక్కడే ఉంటే ఫ్యాన్ నిమిషానికోసారి హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ గీతను 60, 65 దాకా జరపండి, 80 దగ్గర పూర్తి వేగం ఉంచండి.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్ వాడేవారు కొనే ముందు పాత ఫ్యాన్ పిన్నులు లెక్కపెట్టుకోవాలి. కొన్ని కంపెనీల వాటిలో ఐదారు పిన్నులుంటాయి. వాటికి బజారు ఫ్యాన్ నేరుగా తగలదు, ఎలాగో తగిలించినా ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ చూపించవచ్చు. పాత ఫ్యాన్‌ను చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లడమే సులువు.