జీతం లేని పంపువాళ్ళు

ఇల్లు అంటుకుందన్న కేక వినపడగానే బిందె పట్టుకుని పరిగెత్తడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. చిక్కెక్కడంటే, అందరూ పరిగెత్తుతారు గానీ ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరికీ తెలీదు.

జర్మనీలోని బాడెన్ ప్రాంతంలో దుర్లాఖ్ అనే చిన్న పట్నం ఈ చిక్కు విప్పింది. 1846లో ఆ ఊరివాళ్ళు హైడెల్‌బర్గ్‌లో కార్ల్ మెట్జ్ కార్ఖానా నుంచి కొత్త చేతిపంపు తెప్పించుకున్నారు. ఊరి కట్టడాలు చూసే అధికారి క్రిస్టియన్ హెంగ్‌స్ట్ దానికోసం ఒక దళాన్ని తయారుచేశాడు. ఇష్టపడి వచ్చినవాళ్ళే, జీతం లేదు. అయినా పంపు కొట్టేదెవరు, గొట్టం పట్టేదెవరు, నిచ్చెన ఎక్కేదెవరు అన్నది ముందే తేల్చి, పదేపదే సాధన చేయించాడు.

1847 ఫిబ్రవరి 28న పక్కనే ఉన్న రాజధాని కార్ల్స్‌రూయెలో ఆస్థాన నాటకశాల తగలబడింది. అరవైమందికి పైగా చనిపోయారు. దుర్లాఖ్ దళం వెళ్ళి, మంట చుట్టుపక్కలకు పాకకుండా ఆపడంలో సాయపడింది. ఆ ఏడాదే రాజధాని కూడా అలాంటి దళాన్నే పెట్టుకుంది.

1938లో దుర్లాఖ్‌ని కార్ల్స్‌రూయెలో కలిపేశారు. ఊరి పాలన పోయింది గానీ స్వచ్ఛంద దళం ఇప్పటికీ ఉంది. జర్మనీ మొత్తమ్మీద అలా జీతం లేకుండా మంటలార్పేవాళ్ళు పది లక్షల దాకా ఉన్నారు.

ఊరికే చేసే పనికి పద్ధతెందుకులే అనుకుంటాం మనం. మంచి మనసుతో వచ్చినవాళ్ళకీ సాధన కావాల్సిందేనని హెంగ్‌స్ట్ పట్టుబట్టాడు. ఆ పట్టుదలే లేకపోతే దుర్లాఖ్‌లో మిగిలేది మళ్ళీ బిందెల పరుగే.