మానవాకృతి చిత్రణ సాధన: బళ్లారి సీమలో, తెలుగు నేలలో

మనిషి ఒంటిని చూసి, కొలతలు పట్టుకుని, మళ్లీ మళ్లీ గీస్తూ చెయ్యి కుదుర్చుకునే అభ్యాసమే మానవాకృతి చిత్రణ సాధన. ఇందులో గీసే బొమ్మలు గోడకు తగిలించడానికి కావు. ఒక భుజం, ఒక మోకాలు, వంగిన నడుము, బరువు మోస్తున్న మెడ, ఇలా ఒక్కో ముక్కను విడిగా అర్థం చేసుకోవడానికి గీసేవి. చిత్రకళాశాలల్లో వీటిని స్టడీలు అంటారు.

ఈ సాధన కథను ఇక్కడ సిరిగేరి చుట్టుపక్కల నుంచి చూద్దాం. అది బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని పెద్ద ఊరు. తెలుగూ కన్నడమూ కలగలిసిన సీమ ఇది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి, బళ్లారి, సిరుగుప్ప మైసూరులోకి వెళ్లాయి. అంతకుముందు ఇదంతా ఒకే జిల్లా. అందుకే ఇక్కడి బొమ్మల చరిత్రను రాష్ట్రాల వారీగా విడదీసి రాయడం కుదరదు.

మనిషి బొమ్మకు ఈ సీమలో చాలా పాత ఆనవాళ్లున్నాయి. బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు, కప్పగల్లు గుట్టల మీద నల్లరాతిని మరో రాయితో కొట్టి చెక్కిన బొమ్మలు వందల కొద్దీ ఉన్నాయి. వాటి గురించి ఫాసెట్ అనే పరిశోధకుడు 1892లోనే ప్రచురించాడు. వాటిలో ఎద్దులే ఎక్కువ. మనుషులు తక్కువ, ఉన్నవారు కూడా గీతల్లాంటి ఒళ్లతో కనిపిస్తారు.   కప్పగల్లు ఎద్దులో మూపురం వంపు, కొమ్ముల తీరు ఎంతో గమనించి పెట్టినవి. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ గమనింపు లేదు. రోజూ పశువుల మధ్య బతికినవాళ్లు చూసి నేర్చుకున్నది పశువునే అనిపిస్తుంది.

మనిషి ఒంటిని ఒక పద్ధతి ప్రకారం నేర్పడం శిల్పశాస్త్రాలతో మొదలైంది. వాటిలో కొలతకు మూలం తాళం, అంటే నొసటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా ముఖం పొడవు. దాన్ని 12 అంగుళాలుగా భాగిస్తారు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మకే చెందిన కొలత. నవతాళ విగ్రహం లెక్క ఇలా నడుస్తుంది: ముఖం 12, మెడ 4, మెడ నుంచి రొమ్ముకు 12, అక్కడి నుంచి బొడ్డుకు 12, బొడ్డు నుంచి తొడల మొదలుకు 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. మొత్తం 108. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం పురుషులను హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అని ఐదు రకాలు చేసి, 108 నుంచి 90 అంగుళాల దాకా ఎత్తులు చెప్పింది.

దీని మీద ఒక అపోహ బాగా పాతుకుపోయింది. మన శాస్త్రం తొమ్మిది ముఖాలంటుంది, పాశ్చాత్య పుస్తకాలు ఏడున్నర తలలంటాయి, కాబట్టి మనవాళ్లు మనిషిని చూడకుండా ఊహించి రాశారని కొందరు తేల్చేస్తారు. లెక్క వేస్తే ఆ వాదన నిలవదు. తాళంలో నెత్తి భాగం చేరలేదు. దానికి మూడంగుళాలు కలిపితే తల 15, మొత్తం ఎత్తు 111. భాగిస్తే ఏడున్నరకు రవ్వంత తక్కువ. ఎవరో ఎక్కడో నిలబడ్డ మనిషిని ఎదురుగా పెట్టుకుని కొలవకపోతే ఈ అంకె రాదు.

బళ్లారి సీమకు దగ్గరి గ్రంథం మానసోల్లాసం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన ఈ గ్రంథంలో చిత్రకళకు ప్రత్యేకంగా అధ్యాయం ఉంది. కాటుకను అన్నపు మెతుకులతో నూరి వత్తిలా చేసి, ఆ వర్తికతో ముందు గీత వేయమంటుంది. నెత్తి నుంచి పాదాల దాకా నిలువుగా దించే గీతకు బ్రహ్మసూత్రమని పేరు, దానికి రెండు పక్కలా ఉండేవి పక్షసూత్రాలు. ఎదురుగా నిలబడ్డ మనిషిలో ఈ రెండూ సమాన దూరంలో ఉంటాయి. ఒళ్లు పక్కకు తిరిగే కొద్దీ ఒకవైపు తగ్గి రెండోవైపు పెరుగుతుంది. ఎదురుగా నిలబడే ఋజు స్థానం నుంచి పూర్తిగా పక్కకు తిరిగిన భిత్తికం దాకా ఐదు స్థానాలను ఆ గ్రంథం ఇలాగే వివరిస్తుంది. ఇప్పటి డ్రాయింగ్ మాస్టారు పెన్సిల్‌ను కళ్ల ముందు నిలువుగా పట్టుకుని బరువు ఏ కాలి మీద పడిందో చూడమని చెబుతాడే, ఆ పని ఇదే.

విజయనగర కాలానికి ఈ చదువు ఎంత దూరం వచ్చిందో లేపాక్షి వీరభద్రాలయం చూపిస్తుంది. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ గుడి కప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, వటపత్రశాయి కనిపిస్తాయి. ముఖాలు చాలావరకు పక్కకు తిరిగి, ముక్కు మొనదేలి, కన్ను పెద్దదై ఉంటాయి. ఒళ్లు మాత్రం మెలి తిరిగి సులువుగా కదులుతుంది. చీరల అంచుల మీద అందరూ రాశారు గానీ, నేర్చుకునేవాడు చూడవలసింది ఆ చీరల కింది తుంటి గీతను. హంపి విరూపాక్షాలయం మండపం కప్పు మీదా ఇలాంటి వరుసలే ఉన్నాయి, వాటి కాలం మీద పండితులు ఒక మాట మీదకు రాలేదు.

గుడి పనులు తగ్గాక మనిషి బొమ్మను బతికించినవారు తోలుబొమ్మలాటవాళ్లు. బళ్లారి వైపు కిళ్లేక్యాతలు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట కళాకారులు ఈ పనిలో పేరున్నవాళ్లు. ఇళ్లలో మాట్లాడేది మరాఠీ మాండలికం, ఆట ఆడేది తెలుగులోనో కన్నడంలోనో. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా గీరి, ఆరబెట్టి, పాత బొమ్మను దాని మీద పెట్టి చుట్టూ గీత తీసుకోవడం పిల్లలకు తొలి పాఠం. చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టడం, రంగులు అద్దడం తర్వాత. ఇందులో జీవించి ఉన్న మనిషిని చూసి గీయడమనేది లేదు. కానీ భుజం, మోచెయ్యి విడి ముక్కలుగా కోసి దారంతో కట్టాలి, కట్టినవి తెర మీద నమ్మేలా కదలాలి. కీలు ఎక్కడుందో తప్పు చేస్తే ఆ రాత్రే ఆటలో బయటపడుతుంది. ఏ కళాశాల పరీక్షా ఇంత కచ్చితంగా దిద్దదు.

ఇంగ్లీషు పాలనలో మరో దారి వచ్చింది. సైనిక వైద్యుడు అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో చిత్రకళా పాఠశాల తెరిచాడు. అప్పట్లో బళ్లారి మద్రాసు రాజధాని కిందే ఉండేది. అక్కడి చదువులో చేతిపనుల వాళ్లను తయారుచేయాలన్న ఉద్దేశమే ముందు. అచ్చు చిత్రాలను, ప్లాస్టర్ విగ్రహాలను నకలు తీయడంతోనే చాలామంది చదువు ముగిసేది.

ఎదుట మనిషిని నిలబెట్టి గీసే లైఫ్ క్లాసు తెలుగువారికి బొంబాయి మీదుగా దొరికింది. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తానూ చిత్రకారుడే. దామెర్ల రామారావు (1897–1925), అడివి బాపిరాజు ఇద్దరూ ఆయన చేతి కింద పెరిగారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. 1919 ప్రాంతంలో గ్లాడ్‌స్టన్ సాలమన్ అక్కడ ప్రిన్సిపాల్ అయి, నగ్న మానవాకృతిని చూసి గీసే తరగతిని గట్టిగా నిలబెట్టాడు. కలకత్తా వైపు అప్పటికే వేరే గాలి వీస్తోంది. అవనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో భారతీయ శరీర నిర్మాణ కళ మీద పుస్తకం తెచ్చి, ఒంటిని ప్రకృతి రూపాలతో పోల్చి చూడమన్నాడు. రామారావు ఈ రెంటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తోసెయ్యలేదు. ఆయన మనుషుల్లో ఎముకా కండరం బొంబాయివి, గీత అజంతాది. 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి నేర్పడం మొదలుపెట్టిన ఆయన, రెండేళ్లు తిరగకముందే, 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. వరదా వెంకటరత్నం ఆ బడిని నడిపించాడు.

తర్వాతి తరాలవాళ్లు తలోదారిన వెళ్లారు. అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర, పి.టి. రెడ్డి బొంబాయిలో, కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదులోనూ శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గరా నేర్చుకున్నారు. ఇక పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకునేవారికి కిమన్ నికోలాయిడిస్ (1941), ఆండ్రూ లూమిస్ (1943) రచనలు దారి చూపాయి. నికోలాయిడిస్ పద్ధతిలోని ఒక సాధనలో అరనిమిషంలో, నిమిషంలో ఒంటి కదలికను మాత్రమే పట్టుకోవాలి, కండ్లూ ముక్కూ జోలికి పోకూడదు. లూమిస్ ఎనిమిది తలల ఎత్తున్న మనిషితో కొలత నేర్పాడు. అది పత్రికల బొమ్మలకు తగినట్టు సాగదీసిన మనిషి. దాన్నే అసలు కొలతగా బట్టీ పట్టినవాళ్లు గీసిన రైతుకూలీ సైతం సినిమా హీరోలా కనిపిస్తాడు.

సిరిగేరి వైపు బడిపిల్లలకు అందుబాటులో ఉన్నవి కర్ణాటక డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు. చెయ్యి తిరగడానికి అవి పనికొస్తాయి, మనిషి ఒంటికి మాత్రం అవి చాలవు. ఆ లోటు ఊళ్లోనే తీరుతుంది. తుంగభద్ర కాలువ కింద నాట్లు వేసేవారి వంగిన నడుములు, మూటలెత్తే హమాలీల మెడలు, అరుగు మీద కునికేవారి చేతులు డబ్బు అడగని మోడళ్లు. అలా ఓ నోటుపుస్తకం నింపుకుని లేపాక్షి కప్పు కింద నిలబడి చూడండి, రామారావు స్కెచ్‌ల కోసం రాజమహేంద్రవరం (రాజమండ్రి)లోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి.