వ్యాయామశాల గడప, చక్రాల కుర్చీ: ఒక హక్కు చరిత్ర

1. పరిచయం

మన ఊళ్లలో తాలింఖానాలు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో జిమ్‌లు, పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు వచ్చాయి. పేరు మారినా ఒక అలవాటు మారలేదు: అక్కడికి వచ్చేవారు నడిచే వస్తారని కట్టినవారు ముందే అనుకున్నారు. ఆ ఊహ ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు ప్రశ్నించారు, ఎంతవరకు మార్చగలిగారు అన్నదే ఈ పాఠ్యభాగంలోని విషయం.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా తరగతి గది మొదటి అంతస్తులో ఉండేది. చక్రాల కుర్చీలో వచ్చే ఒక విద్యార్థిని రోజూ ఇద్దరు స్నేహితులు ఎత్తుకొని పైకి తెచ్చేవారు. మేమంతా ఆ స్నేహితులను మెచ్చుకున్నాం. తరగతిని కిందికి మార్చమని మాత్రం ఎవరమూ అడగలేదు. వాళ్లు రాని రోజు అతనూ రాలేదు. సహాయానికీ హక్కుకూ తేడా ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. చదువుతున్నంతసేపూ ఈ తేడాను మనసులో పెట్టుకోండి.

2. ఆసుపత్రి నుంచి మైదానానికి

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామంది పడక పుండ్లతో, మూత్రకోశ వ్యాధులతో కొద్ది కాలంలోనే మరణించేవారు. వారికి వ్యాయామం అవసరమన్న ఆలోచన వైద్యులలోనే అరుదు. నాజీల పాలన నుంచి తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ ఈ ధోరణిని మార్చాడు. 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం ఆయన ఆధ్వర్యంలో మొదలైంది. రోగులను క్రమం తప్పకుండా పక్కకు తిప్పడం, చేతులకూ భుజాలకూ పని కల్పించడం, ఆటలు ఆడించడం అక్కడి చికిత్సలో భాగాలు.

1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, ఆ ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మంది సైనికులు, మాజీ సైనికులు విలువిద్యలో పోటీపడ్డారు. వారిలో ఇద్దరు స్త్రీలు. 1952లో నెదర్లాండ్స్ జట్టు రావడంతో అవి అంతర్జాతీయ క్రీడలయ్యాయి. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి సుమారు 400 మంది పాల్గొన్నారు. పారాలింపిక్స్ చరిత్రను అక్కడి నుంచే లెక్కిస్తారు. అయితే రోమ్‌లో క్రీడాకారుల వసతి భవనాలకు మెట్లు ఉండటంతో సైనికులు వారిని మోసుకెళ్లాల్సి వచ్చింది. పోటీలో స్థానం దొరికింది గాని భవనంలో దారి దొరకలేదు.

3. మైదానం నుంచి చట్టానికి

అమెరికాలో ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నారు. మడత పెట్టగల చక్రాల కుర్చీ 1930లలో అక్కడ తయారైంది. కుర్చీ కారులో పట్టడంతో మనిషి ఇల్లు దాటగలిగాడు, కాని మెట్ల దగ్గర ఆగిపోయాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల కోసం పనిచేసిన టిమోతి న్యూజెంట్ వీల్‌చైర్ బాస్కెట్‌బాల్‌ను వ్యవస్థీకరించాడు. భవనాల సుగమ్యతపై 1961లో వెలువడిన తొలి అమెరికా జాతీయ ప్రమాణాల వెనుక పరిశోధన కూడా ఆయన నాయకత్వంలోనే జరిగింది. ఆటస్థలం గురించి ఆలోచించినవాడే తలుపు వెడల్పు గురించీ ఆలోచించాడన్న మాట.

ప్రమాణాలు ఉన్నంత మాత్రాన అమలు జరగదు. సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే సంస్థల్లో వివక్షను నిషేధిస్తూ 1973లో చట్టం వచ్చినా, దాని నిబంధనలపై ఏళ్ల తరబడి సంతకం కాలేదు. 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయంలో వందకు పైగా వికలాంగులు, వారి మద్దతుదారులు మూడు వారాలకు పైగా బైఠాయించిన సమయంలోనే ఆ సంతకం జరిగింది. అప్పటికీ ప్రభుత్వ నిధులు తీసుకోని ప్రైవేటు జిమ్‌లు దాని పరిధిలోకి రాలేదు. 1990 నాటి వికలాంగుల చట్టం ప్రజలకు తెరిచి ఉండే ప్రైవేటు స్థలాల జాబితాలో వ్యాయామశాలలను పేర్కొన్నది.

2010 ప్రమాణాలు మరో అడుగు ముందుకు వేశాయి. ప్రతి రకం వ్యాయామ యంత్రంలోనూ కనీసం ఒకదాని పక్కన 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు గల ఖాళీ స్థలం, దాని వరకు అడ్డులేని దారి ఉండాలన్నాయి. ఇక్కడ ఒక పరిమితిని గమనించాలి. యంత్రం దాకా దారి తప్పనిసరి అయింది కాని, కూర్చున్నవారికి పనికివచ్చేలా యంత్రమే ఉండాలన్న నియమం లేదు. పక్కకు జరిగే సీటు, అందే ఎత్తులో పట్టుకొమ్మ, చేతులతో తిప్పే సైకిల్ వంటివి యజమాని ఇష్టానికే మిగిలాయి. లోపలికి వెళ్లే హక్కు, లోపల ఏదైనా చేయగలిగే హక్కు వేర్వేరు దశల్లో వస్తాయని చరిత్ర చెబుతున్నది.

4. భారతదేశ అనుభవం

1965 యుద్ధంలో తుపాకీ గుండ్లు తగిలిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ అంతకుముందు బాక్సర్. చికిత్సలో భాగంగా ఈతకు అలవాటుపడి, 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచాడు. అది మన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం. కాని ఒక విజేత ఉన్నంత మాత్రాన ఊరి వ్యాయామశాలకు వాలుదారి రాదు.

1995లో మొదటి సమగ్ర చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007లో భారత్ ఆమోదించింది. దాని 30వ అధికరణ క్రీడలు, వినోదాలలో పాల్గొనే హక్కును గుర్తించింది. 2016 చట్టంలోని 30వ సెక్షన్ క్రీడా సదుపాయాలను వికలాంగులకు అనువుగా తీర్చిదిద్దడం ప్రభుత్వ బాధ్యత అన్నది. అదే చట్టం ఇచ్చిన ‘ప్రజా భవనం’ నిర్వచనంలో ప్రజలు వాడే ప్రైవేటు వాణిజ్య, వినోద భవనాలూ ఉన్నాయి. కాబట్టి మన వీధిలోని జిమ్‌ను దీని బయట ఉంచలేము.

మరి అమలు ఎందుకు మందగించింది? 2017 నియమావళిలో పేర్కొన్న మార్గదర్శకాలు చాలావరకు సూచనలుగానే మిగిలాయి. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వికలాంగ అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. 15(1)వ నియమం మాతృచట్టానికి విరుద్ధమని, తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని ఆదేశించింది. ‘చేస్తే మంచిది’, ‘చేయాలి’ అన్న రెండు మాటల మధ్య దూరమే ఈ తీర్పు సారాంశం.

క్షేత్రస్థాయిలో ఆ దూరాన్ని కొలవడం కష్టమేమీ కాదు. వాలుదారికి సాధారణంగా పాటించే నిష్పత్తి 1:12. ఆరేసి అంగుళాల మెట్లు మూడు ఉంటే ఎత్తు 18 అంగుళాలు, కావలసిన వాలుదారి 18 అడుగులు. నాలుగు అడుగుల పలక వేసి సరిపెడితే అది చక్రాల కుర్చీకి ప్రమాదం తప్ప సదుపాయం కాదు. మోటారు సైకిళ్లు రాకుండా పార్కు ద్వారం వద్ద పెట్టే ఇనుప కడ్డీలు చక్రాల కుర్చీనీ ఆపేస్తాయి. దాన్ని ఆపాలని ఎవరూ అనుకోలేదు, అయినా అది ఆగిపోయింది.

5. సారాంశం

ఈ చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదట వ్యాయామం చికిత్స అయింది. తరువాత క్రీడ అయింది. చివరకు హక్కు అయింది. మొదటి దశలో వైద్యుడు, రెండవ దశలో క్రీడాకారుడు, మూడవ దశలో పౌరుడు కేంద్రంగా ఉన్నారు. మూడవ దశ ఇంకా పూర్తికాలేదు. నా విద్యార్థికి ఇద్దరు మంచి స్నేహితులు ఉన్నారు. లేనివారి సంగతి ఏమిటన్నదే చట్టం అడిగే ప్రశ్న.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1948, 1960 సంవత్సరాల ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. వ్యాయామ యంత్రాల విషయంలో 2010 అమెరికా ప్రమాణాల పరిమితి ఏమిటి?
3. మీ ఊరి పార్కును గాని, జిమ్‌ను గాని దర్శించి, ద్వారం నుంచి ఒక యంత్రం వరకు చక్రాల కుర్చీకి ఎదురయ్యే అడ్డంకులను కొలతలతో సహా రాయండి.