వెబ్ అప్లికేషన్ ఎన్విరాన్‌మెంట్ సెటప్: అమీర్‌పేట చరిత్ర

వెబ్ అప్లికేషన్‌కు మొదటి లైను రాయడానికి ముందే కంప్యూటర్‌లోకి ప్రోగ్రామింగ్ భాషను, వెబ్ సర్వర్‌ను, డేటాబేస్‌ను ఎక్కించి, అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా అమర్చాలి. ఈ పనిని ఎన్విరాన్‌మెంట్ సెటప్ అంటారు. కంపెనీల్లో ఇది కొత్తగా చేరినవారి మొదటిరోజు పని. తెలుగువాళ్లలో చాలామంది మాత్రం కంపెనీ గడప తొక్కకముందే దీన్ని హైదరాబాద్ అమీర్‌పేటలో నేర్చుకున్నారు.

మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్, ఆదిత్య ఎన్‌క్లేవ్ భవనాల్లోని కోచింగ్ సెంటర్లు ఈ చదువుకు కేంద్రాలు. వాటికి వచ్చేవారు ఎస్సార్ నగర్, మధురానగర్, వెంగళరావు నగర్ హాస్టళ్లలో దిగేవారు. 1973 నుంచి 1978 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరు పెట్టుకున్న ఈ కాలనీకి ఒకవైపు అమీర్‌పేట, ఇంకోవైపు యూసఫ్‌గూడ. అది దాటితే సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్. ఇటు ఇంటర్వ్యూ కాల్ కోసం, అటు షూటింగ్ కబురు కోసం ఎదురుచూపులు. గది అద్దె కష్టాలు మాత్రం ఇద్దరివీ ఒకటే.

1990ల చివర, 2000 సంవత్సరపు తేదీల సమస్య (వై2కే) పుణ్యమా అని కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు గిరాకీ పెరిగింది. అప్పట్లో విద్యార్థికి సెటప్‌తో పనిలేదు. సెంటర్‌లో కేటాయించిన గంటలో టెర్మినల్ ముందు కూర్చుని లేవడమే. ఆ రోజుల్లోనే, 1998 నవంబరు 22న, హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. విదేశాలకు కంప్యూటర్ పనివాళ్లను పంపే వ్యాపారంపై చైనా పరిశోధకుడు షియాంగ్ బియావో హైదరాబాద్‌లోనూ తిరిగి అధ్యయనం చేశారు. 2007లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన ఆయన పుస్తకంలో అమీర్‌పేట కూడా ఉంది.

కోబాల్ జోరు తగ్గాక జావా వచ్చింది. జావా ప్రోగ్రాములు రాసి నడపడానికి కావలసిన జేడీకే తొలి వెర్షన్ 1996లో విడుదలైంది. జావాను తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్, సర్వ్‌లెట్లను (వెబ్ సర్వర్‌లో నడిచే జావా ప్రోగ్రాములను) నడిపే తన సర్వర్ కోడ్‌ను 1999లో అపాచీ సంస్థకు ఇచ్చేసింది. టామ్‌క్యాట్ అలా పుట్టింది. రెండూ ఉచితం. అమీర్‌పేటలో జావా నిలదొక్కుకోవడానికి భాష గొప్పతనం కంటే ఈ ఉచితమే పెద్ద కారణమనిపిస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న అసెంబుల్డ్ కంప్యూటర్‌ను హాస్టల్ గదిలో పెట్టుకుని, నలుగురు కలిసి సర్వర్ నడుపుకునే వీలు దానితోనే వచ్చింది.

అసలు చదువు ఆ గదిలోనే మొదలయ్యేది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ దాకా వెళ్లి జావా హోమ్, పాత్ ఇవ్వాలి. సర్వ్‌లెట్ ప్రోగ్రామ్ కంపైల్ చేయగానే 'ప్యాకేజ్ జావాక్స్ డాట్ సర్వ్‌లెట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అని తెర మీద పడేది. అంటే టామ్‌క్యాట్ ఫోల్డర్‌లోని సర్వ్‌లెట్ ఏపీఐ జార్ ఫైలు ఎక్కడుందో కంపైలర్‌కు తెలియదన్నమాట. క్లాస్‌పాత్ అనే వేరియబుల్‌లో దాని చిరునామా ఇస్తే ఆ తప్పు పోయేది కానీ, నిన్నటిదాకా నడిచిన మామూలు జావా ప్రోగ్రామ్ నడవడం మానేసేది. క్లాస్‌పాత్ ఇవ్వనంతసేపూ జావా మనం ఉన్న ఫోల్డర్‌లోనే వెతుక్కుంటుంది. ఇచ్చాక చెప్పినచోటే వెతుకుతుంది. మనం ఉన్నచోట కూడా చూడమని చెప్పడానికి ఒక చుక్క, దాని పక్కన సెమికోలన్ పెట్టాలి. ఆ ఒక్క చుక్క కోసం రాత్రంతా మేలుకున్నవాళ్లున్నారు.

తర్వాతి గండం ఒరాకిల్ డేటాబేస్. 2006లో వచ్చిన ఉచిత 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ తన వెబ్ పేజీకి 8080 పోర్టు తీసుకునేది. టామ్‌క్యాట్ పోర్టూ అదే. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 కొడితే టామ్‌క్యాట్ పేజీలోని పిల్లి బొమ్మకు బదులు ఒరాకిల్ పాస్‌వర్డ్ అడిగేది. టామ్‌క్యాట్ అమరికల ఫైలు సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో పోర్టు నంబరు మార్చడం ఇందుకే ప్రతి బ్యాచ్‌కూ పాఠమైంది. ఈ పాఠాలకు గ్రంథాలు లేవు. బోర్డు మీద సార్ రాసింది ఒకరు నోట్స్‌గా దించితే, అదే జిరాక్స్ షాపుల్లో కట్టలుగా అమ్ముడయ్యేది.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ బ్యాచ్‌ల వారికి ఈ తిప్పలు తక్కువ. 2002లో వచ్చిన విజువల్ స్టూడియో డాట్‌నెట్ చాలావరకు తానే అమర్చిపెట్టేది. 2001లో ఐబీఎం బయటపెట్టిన ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ సాధనం జావా వాళ్లకూ కొంత ఊరటనిచ్చింది. 2009 డిసెంబరు నాటి సర్వ్‌లెట్ 3.0తో వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే అప్లికేషన్ అమరికల ఫైలు రాయడం తప్పనిసరి కాకుండా పోయింది. 2014లో వచ్చిన స్ప్రింగ్ బూట్ టామ్‌క్యాట్‌ను అప్లికేషన్ లోపలే పెట్టేసింది. అప్పటికే నోడ్ (2009), డాకర్ (2013) వచ్చేశాయి. రెండు రోజుల పని రెండు కమాండ్లకు దిగింది. సుఖమే. కాకపోతే, సర్వర్ ఎక్కడుందో చెప్పమంటే తడుముకునే తరం కూడా దానితోపాటే వచ్చింది.

2017 నవంబరులో అమీర్‌పేటకు మెట్రో వచ్చింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, క్లాసులు ఆన్‌లైన్‌కు మారాయి. సెటప్ కష్టం చూపించడానికి పక్క మంచం మీది స్నేహితుడు లేకుండాపోయాడు. స్క్రీన్ షేర్ చేసి సార్‌కే చూపించాల్సి వచ్చింది.

అదే కాలంలో టామ్‌క్యాట్ 10వ వెర్షన్‌తో సర్వ్‌లెట్ ప్యాకేజీకి జావాక్స్ అన్న పేరు పోయి జకార్తా వచ్చింది. పాత జిరాక్స్ నోట్స్ ముందు పెట్టుకుని, కొత్త టామ్‌క్యాట్ దించుకుని, క్లాస్‌పాత్‌లో చుక్కతో సహా అన్నీ సరిగ్గా ఇచ్చినవారికి కూడా ఇప్పుడు ఆ పాత మాటే కనిపిస్తోంది: 'ప్యాకేజ్ జావాక్స్ డాట్ సర్వ్‌లెట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్.' ఈసారి ఆ మాట అక్షరాలా నిజం.